మూడు చక్రాల జేసీబీ, ముడేసిన పెన్సిల్ పొట్టు

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. బాబుకి 11 ఏళ్లు, ఆరో తరగతి. పాపకి 7, రెండో తరగతి. విజయవాడలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉంటాం. పిల్లల గదిలో అడుగు పెట్టాలంటే భయమేస్తోంది. విరిగిన బొమ్మలు, బర్త్‌డేలకు ఇచ్చిన రిటర్న్ గిఫ్టులు, ప్రాజెక్టు కోసం చేసిన థర్మాకోల్ సౌరకుటుంబం, పొట్టయిపోయిన గౌన్లు, మూడేళ్ల కిందటి నోట్సులు... ఒక్కటి తీయనివ్వరు. దసరా సెలవులకు వాళ్లు అమ్మమ్మ గారింటికి వెళ్లినప్పుడు రెండు గోనెసంచులు నింపి పంపేశాను. అందులో బాబు జేసీబీ బొమ్మ ఒకటి పోయింది. దానికి ఉన్నవే మూడు చక్రాలు, వాడు దాని ముఖం చూసి రెండేళ్లయింది. అయినా ఊరి నుంచి వచ్చిన రాత్రి ఏడ్చి ఏడ్చి పడుకున్నాడు. అప్పటి నుంచీ ఏదీ పారేయడం లేదు. మొన్న మంచం కింద ఊడుస్తుంటే గోడవారగా ఒక కవరు దొరికింది. విప్పి చూస్తే చాక్లెట్ రేపర్లు, పెన్సిల్ చెక్కిన పొట్టు! మా అత్తగారు "పిల్లల వస్తువులు పారేయకూడదు, ఎవరికో ఒకరికి పనికొస్తాయి" అంటారు. మళ్లీ ఆవిడే "భోగికి మంటలో వేసేద్దాంలే" అంటారు. మావారు ఏమీ మాట్లాడరు, ఆయనకే ఒక డబ్బా నిండా పాత ఛార్జర్లున్నాయి. నాకు టెన్షన్‌తో తల పగిలిపోతోంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు:

మీ ఉత్తరమంతా గది గురించే ఉంది గానీ, నేను మాత్రం ఆ పెన్సిల్ పొట్టు దగ్గరే ఆగిపోయాను. చెత్త అని వాడికి తెలియకనా? ఆరో తరగతి పిల్లాడు. తెలిసీ కవర్లో పోసి, ముడేసి, గోడవారగా తోసి పెట్టాడంటే అది పొట్టు మీద ప్రేమ కాదమ్మా. వాడు కాపలా కాస్తున్నాడు. తను ఊళ్లో లేనప్పుడు తన వస్తువులు మాయమైపోతాయని ఒకసారి తెలిసొచ్చింది. ఏది ఉంటుందో ఏది పోతుందో చెప్పలేనప్పుడు అన్నీ దాచుకోవడమే మేలనుకున్నాడు. వాడి లెక్కలో తప్పేం లేదు.

ఇలా అంటున్నానని నొచ్చుకోకండి. ఆ గోనెసంచుల పని నేనూ చేశాను. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు, బిగుతైపోయిన ఒక గళ్ల గౌను పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడకి వేసేశాను. ఆ గౌనూ, నావి రెండు చీరలూ కలిపితే ఒక చిన్న గిన్నె వచ్చింది. సాయంత్రం బడి నుంచి వచ్చి విషయం తెలుసుకుని ఆ పిల్ల ఏమీ అనలేదు, ఏడవలేదు కూడా. గిన్నెకి మాత్రం పేరు పెట్టింది: "నా గౌను గిన్నె". ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు. ఈనాటికీ ఆ గిన్నెలో పెరుగు వేసిస్తే వేరే గిన్నెలోకి మార్చుకునే తింటుంది.

అందుకని, సర్దడం కంటే ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. బాబుతో ఒంటరిగా ఉన్నప్పుడు, ఏ బండి మీద వెళ్తున్నప్పుడో, చపాతీలు వత్తుతున్నప్పుడో, ముఖంలోకి చూసి ఉపన్యాసంలా కాకుండా మామూలుగా చెప్పండి: "నాన్నా, నీ జేసీబీ నిన్ను అడక్కుండా పారేశాను. తప్పు నాదే. ఇకమీదట నీకు చెప్పకుండా నీ వస్తువేదీ ఈ గది దాటదు." అక్కడితో ఆపేయండి. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టారంటే క్షమాపణ కాస్తా క్లాసైపోతుంది. కొత్త జేసీబీ కొనిస్తాననీ అనకండి. వాడికి పోయింది బొమ్మ కాదు. అది తాతయ్య తిరునాళ్లలో కొనిపెట్టిందో, మొదటిసారి చెల్లెలికి ఇవ్వనని మొండికేసి గెలిచిందో మనకేం తెలుసు. అడిగితే చెబుతాడేమో, చెబితే వినండి.

"రెండేళ్లుగా ముట్టుకోని బొమ్మకి అంత ఏడుపేమిటి" అని మీకు ఆశ్చర్యంగా ఉంది కదా. పెద్దవాళ్లమూ అంతే. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి కాఫీ కప్పులు ఊరికే ఇచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. మిగిలిన సగాన్ని ఎంతకి కొంటారని అడిగారు. కొనేవాళ్లు చెప్పిన దానికి అమ్మేవాళ్లు రెట్టింపు పైనే అడిగారు. కప్పు వాళ్ల చేతికొచ్చి ఎంతోసేపు కూడా కాలేదు! "నాది" అనుకున్న మరుక్షణం నుంచి వస్తువు ధర మారిపోతుంది. ఇక పిల్లలకైతే తమవి అని చెప్పుకోవడానికి ఇంట్లో ఉండేవే ఆ నాలుగు వస్తువులు. ఇల్లు మనది, టైమ్‌టేబుల్ మనది, ఏ కూర వండాలో కూడా మనమే చెబుతాం. పుస్తకంలో నెమలీక పెట్టి, దానికి మేత వేసి, పిల్లలు పెడుతుందని రోజూ తెరిచి చూసుకున్నవాళ్లం మనం. ఎవరైనా అది తీసి ఊడ్చేసి ఉంటే?

సరే, ఇక గది.

గది మొత్తం ఒక్కరోజులో అని పెట్టుకోకండి. అలా పెట్టుకుంటే మధ్యాహ్నానికి మీ గొంతు లేస్తుంది, సాయంత్రానికి సంచులు లేస్తాయి, మళ్లీ మొదటికే. ఒక్క సొరుగు తీసుకోండి, లేదా అలమారాలో ఒక్క అర. ఆదివారం టిఫిన్ తిన్నాక, అరగంట మించకుండా. బడి నుంచి అలసి వచ్చిన సాయంత్రాలు, పరీక్షల వారం వద్దు.

కింద ఒక పాత దుప్పటి పరిచి సొరుగు అందులో బోర్లించండి. చాలామంది తల్లులు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఒక్కో వస్తువూ పైకెత్తి "ఇది కావాలా? ఇది కావాలా?" అని అడుగుతారు. అలా అడిగితే ఏ పిల్లాడైనా కావాలనే అంటాడు, ఎందుకంటే ఆ ప్రశ్న వినగానే అది చేజారిపోతున్నట్టు ఉంటుంది. దాన్ని తిరగేయండి. సొరుగు శుభ్రంగా తుడిచి ఖాళీగా వాడి ముందు పెట్టి, "ఇందులో ముందు నీకు బాగా ఇష్టమైనవి పెట్టుకో" అనండి. వాడు ఏరుకుంటాడు. సొరుగు నిండగానే ఇక చోటు లేదని చెప్పేది మీరు కాదు, సొరుగే. అప్పుడు వాడే ఈ కారు బాగుందా ఆ కారు బాగుందా అని బేరం వేసుకుంటాడు. ఎన్ని ఉంచుకోవాలో అంకె చెప్పడం కంటే ఏ డబ్బాలో పట్టాలో చెప్పడం పిల్లలకి బాగా అర్థమవుతుంది.

ఆ అరగంటలో మీ పని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. చెప్పినంత తేలిక కాదు. "ఛీ, ఇదెందుకురా", "దీనికి మూత కూడా లేదు కదా" లాంటివి నోటి దాకా వస్తాయి, మింగేయండి. వాడు ఏదో గోళీ చేతిలోకి తీసుకుని దాని కథ మొదలుపెడితే వినండి. కథ చెప్పేశాక చాలాసార్లు ఆ గోళీని వాళ్లే పక్కన పెట్టేస్తారు. ఎవరో ఒకరు విన్నారు కదా, చాలు.

తేల్చుకోలేనివి ఉంటాయి. వాటిని ఒక అట్టపెట్టెలో వేసి, పురికొసతో కట్టి, పైన వాడి చేతే తేదీ రాయించి అటక మీద పెట్టండి. సంక్రాంతి వెళ్లాక దింపుదాం అని చెప్పండి. చెప్పిన రోజున దింపండి. వాడు మర్చిపోయాడు కదా అని మీరే చల్లగా పంపేయకూడదు, అదే గోనెసంచి మళ్లీ. వాడి ముందే విప్పితే సగం వస్తువులకి "ఇది ఎందుకు దాచానమ్మా" అని వాడే నవ్వుతాడు. మిగతా సగం కిందికి వస్తే రానివ్వండి.

ఇంకొకటి. ఒక చిన్న డబ్బా, బిస్కెట్ల రేకు డబ్బా లాంటిది, ఇద్దరికీ చెరొకటి ఇవ్వండి. అందులో ఏం పెట్టుకున్నా మీరు మూత తీయరు, అడగరు. సూర్యలంక బీచ్‌లో ఏరిన గవ్వ, బస్ టికెట్, ఊడిన బొత్తాం, వాళ్లిష్టం. తినేవి మాత్రం వద్దని చెప్పండి, చీమలకి ప్రైవసీ గురించి తెలియదు. నన్నడిగితే మీ బాబు పెన్సిల్ పొట్టు దాచడం మానేది ఈ డబ్బాతోనే. ఉంచుకునే హక్కు గట్టిగా ఉందని నమ్మకం కుదిరిన పిల్లలే ఇచ్చేయగలుగుతారు. మనం దీన్ని తలకిందులుగా చేస్తాం, ముందు ఇచ్చేయమంటాం.

పాప సంగతి వేరు. ఏడేళ్లకి బొమ్మలకి ఇంకా ప్రాణం ఉంటుంది. "దీన్ని ఇచ్చేస్తే ఇది ఏడుస్తుంది" అంటే నవ్వకండి. ఎవరింటికి వెళ్తోందో చెప్పి, జడ వేసి, టాటా చెప్పించి పంపండి. పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ గానీ, చెంగు ముక్క గానీ ఉంటే, అది ఎంత మాసిపోయినా జోలికి పోవద్దు. విన్నికాట్ అనే ఇంగ్లండ్ పిల్లల డాక్టరు 1953లోనే ఈ వస్తువుల గురించి రాశాడు. అమ్మ పక్కన లేనప్పుడు ఆ చోటును నింపేది అదేనని, దాన్ని ఉతకడం కూడా పిల్లల ఇష్టం మీదే జరగాలని ఆయన ఉద్దేశం. వాసన మారితే అది అదే బొమ్మ కాదు మరి.

పాప బట్టలకి వాదన అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం అన్నీ తొడుక్కుని చూపించమనండి. చెయ్యి దూరని గౌనే చెబుతుంది. పట్టులంగా ఒకటి దాచుకోవాలనిపిస్తే దాచుకోండి. ఆ కోరిక పాపది కాదు, మీదే అయుంటుంది. అయితే అది మీ బీరువాలో ఉండాలి, పాప అలమారాలో కాదు. పిల్లలు వేసిన బొమ్మలు, గ్రీటింగ్ కార్డులు నెలకి ఒకటి వాళ్లనే ఎంచుకోమని ఫైల్లో పెట్టండి. థర్మాకోల్ సౌరకుటుంబాన్ని మాత్రం చేతిలో పట్టుకుని నిలబడమని ఒక ఫొటో తీసి సెలవిప్పించండి. శనిగ్రహం వలయం ఈపాటికి ఊడిపోయే ఉంటుంది.

నోట్సుల విషయం త్వరగా తేలిపోతుంది. వెనక మిగిలిన తెల్లకాగితాలు చింపి, కుట్టించి రఫ్ నోట్సు చేసుకోవడం మన ఇళ్లల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ పని బాబుకే అప్పగించండి. రాసినవి పాత పేపర్ల అతనికి కిలోల లెక్కన వేసి, ఆ డబ్బులు వాళ్లకే ఇచ్చేయండి. పాఠ్యపుస్తకాలు సిలబస్ మారకపోతేనే కింది తరగతి వాళ్లకి పనికొస్తాయి. ముందు కనుక్కోండి.

మీరు రాసిన సామానంతా గదిలో ఒకేసారి ఉండక్కర్లేదు కూడా. బొమ్మల కొలువు సంగతి గుర్తు తెచ్చుకోండి. మీ పక్కనే ఉన్న కొండపల్లి నుంచి వచ్చిన ఏనుగు అంబారీ, తాడిచెట్టు, దశావతారాలు ఏడాదంతా పాత చీర ముక్కల్లో చుట్టుకుని పెట్టెలో పడుకుంటాయి. పండక్కి దింపి మెట్ల మీద పేరుస్తుంటే, ప్రతి సంవత్సరం చూసేవే అయినా పిల్లలు మొదటిసారి చూసినట్టు చూస్తారు. ఆటబొమ్మలకీ అదే పద్ధతి పెట్టండి. సగం కింద, సగం అటక మీద, నెలా నెలన్నరకి మార్పు. 2018లో అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయం వాళ్లు 36 మంది పసిపిల్లల్ని గమనించారు. ఎదురుగా 16 బొమ్మలున్నప్పటి కంటే నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారట. వాళ్లు మీ పిల్లల కంటే బాగా చిన్నవాళ్లు, కాబట్టి దాన్ని సూత్రంగా పట్టుకోమనను. కానీ మన అటక పెట్టెలు చెప్పేదీ అదే.

ఇప్పుడు మీ అత్తగారి రెండు మాటలు. రెండింట్లోనూ కొంత నిజముంది.

ఎవరికో ఒకరికి పనికొస్తుందన్న మాట బాగుంది, ఆ "ఎవరో ఒకరు" ఎవరన్నదే అసలు విషయం. "పేద పిల్లలకి ఇచ్చేయ్, వాళ్లకి బొమ్మలుండవు" అని అంటూ ఉంటాం. అది విన్న పిల్లాడికి జాలి పుట్టదు, తప్పు చేసినట్టు అనిపిస్తుంది. పైగా మన విరిగినవి వాళ్లకి సరిపోతాయన్న పాఠం కూడా అందులోనే ఉంటుంది. దగ్గర్లో అంగన్‌వాడీ ఉంటే ఒకరోజు పిల్లలతో కలిసి వెళ్లి, టీచర్‌ని ఏం కావాలో అడగండి. అక్కడికి వచ్చేది 3 నుంచి 6 ఏళ్ల వాళ్లు. పూసలూ, చిన్న చిన్న ముక్కలూ ఉన్నవి వద్దంటారు, బిల్డింగ్ బ్లాకులు, బొమ్మల పుస్తకాలు తీసుకోవచ్చు. వాచ్‌మన్ గారి పిల్లలకి ఇవ్వాలనుకుంటే ముందు వాళ్లమ్మని అడగండి, మన పిల్లల ముందు దానంలా మాట్లాడకండి. ఇచ్చేవి కడిగి, తుడిచి ఇవ్వాలి. బ్యాటరీలు తీసేయాలి. ముఖ్యంగా బొత్తాంలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీలు పసిపిల్లలు మింగితే ప్రాణాపాయం, వాటిని మామూలు చెత్తలో కలపకుండా విడిగా చుట్టి చెత్త తీసుకెళ్లేవాళ్లకి ఇవ్వండి. వీలైతే బాబు చేతే ఇప్పించండి. తన సైకిల్ మీద ఇంకొకరు గంట మోగించుకుంటూ వెళ్లడం చూసిన పిల్లాడికి మీరు వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

భోగి మాట మాత్రం వద్దు. ఒకప్పుడు మంటలో వేసింది చెక్క, తాటాకు, పిడకలు, విరిగిన కుర్చీ కాలు. ఇప్పటి బొమ్మలు ప్లాస్టిక్. వాటిలో పీవీసీ ఉంటే కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల లాంటి విషాలు వెలువడతాయి, చుట్టూ నిలబడేది మీ పిల్లలే. అంతకంటే నాకు నచ్చనిది ఇంకొకటుంది. తన బొమ్మ ముఖం కరిగిపోవడం చూసిన ఏడేళ్ల పిల్ల వచ్చే ఏడాది భోగికి బయటికి రాదు. అత్తగారితో ఇలా కుదుర్చుకోండి: పిడకల దండ ఆవిడ పిల్లల చేత గుచ్చించాలి, మంటలో ఆ దండే వేయాలి. బొమ్మలు ఇచ్చే పని కూడా ఆవిడ చేతి మీదుగానే జరిపిస్తే "పారేస్తున్నారు" అన్న బాధ ఆవిడకీ ఉండదు.

ఎంత తీసినా వచ్చేది ఆగకపోతే మళ్లీ అంతే. రిటర్న్ గిఫ్టులు చూడండి, అపార్ట్‌మెంట్‌లో ఏడాదికి ఎన్ని పుట్టినరోజులో అన్ని పెన్సిల్ బాక్సులు. మీ వంతు వచ్చినప్పుడు మీరు ఒక మొక్కో, తినేదో ఇచ్చి చూడండి, నలుగురు అదే పట్టుకుంటారు. తాతయ్యలకీ మామయ్యలకీ బొమ్మ బదులు "ఒకరోజు వీణ్ని రైలెక్కించండి" అని చెప్పండి. షాపులో పిల్లలు ఏదైనా అడిగితే వద్దనడానికి ముందు "ఇంట్లో ఎక్కడ పెడదాం?" అని అడగండి. చోటు చెప్పగలిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇవన్నీ ఓపిగ్గా చేసినా రెండు మూడు నెలల తర్వాత కూడా రేపర్లు దాస్తూనే ఉంటే, చెత్తబుట్ట ఖాళీ చేసినా వణికిపోతుంటే, నిద్రా తిండీ తగ్గితే మాత్రం ఆలస్యం చేయకండి. మీ పిల్లల డాక్టరుకి చెప్పి, చైల్డ్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మీరు రాసిన దాన్ని బట్టి అక్కడి దాకా వెళ్తుందని నాకనిపించడం లేదు.

మొదలు ఎక్కడ పెట్టాలంటారా? పిల్లల గదిలో కాదు. మీ వంటింట్లో పార్సిల్ డబ్బాల సొరుగు ఒకటి ఉండే ఉంటుంది. బిర్యానీతో వచ్చినవి, స్వీట్ల కొట్లో ఇచ్చినవి, ఒకదాని మూత ఇంకోదానికి పట్టనివి. ఈ ఆదివారం దాన్ని హాల్లో దుప్పటి మీద బోర్లించి, బాబుని పిలిచి పెద్దమనిషిగా కూర్చోబెట్టండి. మీరు ఒక్కో డబ్బాకీ "ఉండనీరా, పనికొస్తుంది" అంటారు, వాడు మూత లేదని చూపిస్తాడు. కాసేపు మీరు కూడా మొండికేయండి. తర్వాత వాడి తీర్పుకి ఒప్పుకుని, నాలుగు మీ చేత్తో మీరే తీసేయండి. పక్కన మీవారు కూడా కూర్చుని ఉంటే, ఆయన ఛార్జర్ల డబ్బా వచ్చే వారం అని బాబు చేతే చెప్పించండి.